రమణమ్మ హస్తవాసి

నరసరావుపేటలో వెంకటరమణమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. నీళ్లుపోసే రమణమ్మ ఇల్లెక్కడ అంటే మాత్రం బస్టాండు వెనక సందుల్లో ముగ్గురు పిల్లలు ఒకేసారి చెయ్యెత్తి చూపిస్తారు. ఆ ముగ్గురిలో ఇద్దరినైనా పసికందులుగా ఉన్నప్పుడు తన కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, ముక్కు సాగదీసి, నీళ్లు పోసింది ఆమే అయ్యుంటుంది. బాలింతకు నువ్వులనూనెతో ఒళ్లు పట్టడం, నలుగు పెట్టడం, వేపాకు వేసి కాచిన నీళ్లు పొయ్యడం, నడుముకు గుడ్డ బిగించడం, సాంబ్రాణి పొగ వెయ్యడం ఆమె పని. నలభై ఏళ్లుగా అదే పని. ఆమెకు మంచి హస్తవాసి ఉందని ఊరు ఆమె ముందే చెబుతుంది. చెడ్డ నోరు ఉందని ఆమె వెనక చెబుతుంది.

ఆమె లెక్కచేసే మనిషి భూమ్మీద లేడు. డాక్టరమ్మలంటే చులకన, కొయ్యడం తప్ప పురుడు పొయ్యడం రాదని. సీసాల్లో నూనె అమ్మే కంపెనీలంటే చులకన, వాసనే గానీ జిడ్డు లేదని. ఫోన్లో వీడియో చూసి బిడ్డకు సొంతంగా నీళ్లు పోసుకునే తల్లులంటే మరీ చులకన. అలాంటి తల్లి ఎదురైతే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "ఫోను నీళ్లు పోస్తే తల ఇట్టాగే చపాతీలాగా ఉంటది" అనేసి పోతుంది.

కొత్త ఇంట్లో కాలుపెట్టిన మొదటిరోజు, చేతిలో నూనెగిన్నె పెట్టుకుని ఆమె ఒక కథ చెబుతుంది. ఆ కథ వినని బాలింత ఆ చుట్టుపక్కల లేదు.

"కారంపూడిలో ప్రసన్న అని ఒక పిల్ల ఉండేదమ్మా. బంగారు బొమ్మ. తొలికాన్పు, ఆడబిడ్డ. పద్నాలుగోరోజు దాకా నా చేతుల్లో పువ్వులాగా తేలింది. ఆ అత్త, నాగరత్నమ్మని ఒక మహాతల్లి, ఏం చేసిందో తెలుసా? నోరు చప్పగా ఉందని పిల్ల అడిగితే రాత్రికి పెరుగన్నం కలిపి పెట్టింది. పచ్చి బాలింతకు పెరుగన్నం! తెల్లారేసరికి వాతం కమ్మింది. నేను ఒళ్లు పట్టి, లేచి చేతులు కడుక్కునేలోపల ఊపిరాడక కొట్టుకుని పోయింది. నా చేతిలో కాదమ్మా పోయింది, పెరుగు గిన్నెలో పోయింది."

ఈ కథ విన్నాక ఏ బాలింతా మూడునెలల దాకా పెరుగు వంక చూసేది కాదు. వెల్లుల్లి కారం, పాతబియ్యపన్నం, అంతే. కథ చెప్పడం కూడా ఒళ్లు పట్టడంలో ఒక భాగమని రమణమ్మ నమ్మకం.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. రమణమ్మ దుత్తను పట్టుకుని అత్తను ఉతికి ఆరేసింది. పద్దెనిమిదేళ్ల కిందట, ప్రసన్న శవం లేచిన సాయంత్రమే, కారంపూడి పాలకేంద్రం దగ్గర నిలబడి ఈ మాట మొదలుపెట్టింది. మాచవరం నుంచి వచ్చిన ప్రసన్న పుట్టింటివాళ్లు విన్నారు. ఇరవయ్యొకటోరోజున బిడ్డను ఎత్తుకుని, తల్లిని చంపిన చేత్తో దీనికి పాలు పట్టాల్సిన పనిలేదని నాగరత్నమ్మ ముఖం మీదే అని వెళ్లిపోయారు. తర్వాత రెండేళ్లకు రమణమ్మ నరసరావుపేటకు మారింది. కథ కూడా ఆమెతోపాటు బస్సెక్కి వచ్చింది.

నలభై ఏళ్లలో తన చేతికింద ఒక్క ప్రాణం పోలేదన్నది రమణమ్మ ఆస్తి. పోయిన ఆ ఒక్కటీ తనది కాదన్నది ఆ ఆస్తికి కాగితం. ఆమె పరువు, పని, తల ఎత్తుకుని నడిచే నడక అన్నీ ఈ రెండు మాటల మీదే నిలబడి ఉన్నాయి.

ఈమధ్య పిలిచేవాళ్లు తగ్గారు. ఆస్పత్రుల్లో వద్దంటున్నారని కొందరు, ఆపరేషను కుట్లు మానలేదని కొందరు. రమణమ్మ పైకి మాత్రం, "తగ్గింది వాళ్ల అదృష్టం, నా పని కాదు" అంటూ ఉండేది. అలాంటి రోజుల్లో అనిల్ కుమార్ వచ్చి ఆమె గడపలో నిలబడ్డాడు.

అనిల్ కుమార్ నిన్నమొన్నటిదాకా పురుగుమందుల కొట్టు నడిపినవాడు. మిరపతోటలకు ఏ మందు కొట్టినా పురుగు చావకపోయేసరికి రైతులు కొట్టు మీదికి రావడం మొదలుపెట్టారు. దాంతో విసుగెత్తి, కింద కొట్టు మూసి మేడమీద స్పా తెరిచాడు. పేరు హాయి స్పా. ఊరు దాన్ని చూసి పెదవి విరిచింది. స్పా అంటే తలుపులేసుకుని చేసే తప్పుడు పని అని ఊళ్లో మగవాళ్లకు గట్టి నమ్మకం. ఆ మాట చెప్పేటప్పుడు, అక్కడ ఎంత తీసుకుంటారని గొంతు తగ్గించి అడిగేది కూడా వాళ్లే. అనిల్ కుమార్ బోర్డు మీద ఫ్యామిలీ స్పా అని రాయించాడు. అయినా ఒంటరిగా వచ్చే కొందరు తప్ప, ఫ్యామిలీ అన్నది ఒక్కటి కూడా మెట్లెక్కలేదు.

"పెద్దమ్మా, నువ్వొచ్చి మా స్పాలో కూర్చుంటే చాలు," అన్నాడు. "బాలింత ప్యాకేజీ అని పెడతాం. రమణమ్మ ఉందంటే ఆడవాళ్లు ధైర్యంగా వస్తారు."

"పురుగులకు మందమ్మినోడివి, మనుషులకు నూనె అమ్ముతావా అనిల్ బాబూ? పురుగులే నీ మాట వినలేదు గదయ్యా," అంది రమణమ్మ.

అని, మర్నాడు పొద్దున్నే వెళ్లింది. పనికోసమని ఆమె ఒప్పుకోదు. వాళ్లు చేసే నిర్వాకం కళ్లారా చూసి నలుగురికీ చెప్పడానికి వెళ్లానంటుంది.

మెట్లెక్కగానే చల్లటి గాలి, గోడ మీంచి చిన్నగా కారే నీళ్లు, బల్ల మీద తల మాత్రమే ఉన్న బుద్ధుడి బొమ్మ. ఒళ్లు పట్టే అంగడిలో ఒళ్లులేని దేవుణ్ణి పెట్టుకున్నారు, వీళ్ల తెలివి ఇక్కడే తెలిసిపోతోంది అనుకుంది. లోపల ఆమెకు పని నేర్పడానికి ఒక పిల్ల నిలబడి ఉంది. పేరు మిస్బా. గురజాలలో ట్రాక్టర్ల మెకానిక్ కూతురు, ఫిజియోథెరపీ చదివి, హైదరాబాదులో రెండేళ్లు స్పాలో పనిచేసి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయి. ఈ వేలెడంత పిల్ల తనకు ఒళ్లు పట్టడం నేర్పుతుందట. రమణమ్మకు నవ్వు కూడా రాలేదు.

"కూర్చోండమ్మా. ముందు స్పాల్లో రకాలు చెబుతా," అంది మిస్బా. "ఒక్కపూట వచ్చి పనిచేయించుకుని పోయేది డే స్పా. మనది అదే. ఊరవతల తోటల్లో నాలుగురోజులుండి, వేళకు తిని, పడుకుని, ఒళ్లు పట్టించుకుని వచ్చేది రిసార్ట్ స్పా."

"నాలుగురోజులుండి తిని పడుకునేదాన్ని మేం పుట్టిల్లంటాం. దానికి డబ్బు కట్టరు."

మిస్బా నవ్వును పెదవి కింద నొక్కిపెట్టింది. "ఆయుర్వేదంవాళ్లది ఇంకోరకం. నుదుటి మీద నూనె ధారగా పోస్తారు. వైద్యుడుండి చూడాలి. చర్మానికి లేజరు లాంటివి చేసేది మెడికల్ స్పా, అక్కడా డాక్టరు ఉండాలి. భూమిలోంచి వేడినీళ్లు ఊరేచోట కట్టేవి కూడా ఉంటయ్యి."

"మా ఇంట్లో కుళాయి తిప్పినా ఎండాకాలం వేడినీళ్లే వస్తయ్. బోర్డు పెట్టమంటావా?"

గది గది తిప్పి చూపించింది మిస్బా. ఒక గదిలో స్వీడిష్ మసాజు. పొడవుగా, తేలికగా నిమురుతూ పోవడం. రమణమ్మ కాసేపు చూసి, పాలివ్వని బర్రెను ఇట్టాగే బుజ్జగిస్తారంది. ఇంకో గదిలో డీప్ టిష్యూ. మోచెయ్యి, పిడికిలి ఆనించి కండరం లోపలిదాకా నొక్కడం. ఇది నేను చేసేదే, దీన్ని కూడా ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చారా అని విసుక్కుంది. అరోమా అంటే నూనెలో పూలవాసన కలపడమని విని, వాసనకు నొప్పి పోయేటట్టయితే పూలంగడివాడికి నడుంనొప్పి ఎందుకని నిలదీసింది.

మూడో గదిలో నల్లగా, నున్నగా ఉన్న రాళ్లను నీళ్లలో వేడిచేసి వీపు మీద పేరుస్తున్నారు. అవి ఎక్కడివని అడిగితే బయట్నుంచి తెప్పించామన్నాడు వెనకే వస్తున్న అనిల్ కుమార్ గొప్పగా.

రమణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. "రాళ్లు? డబ్బులిచ్చి? పలనాటికి? నాగలి దిగితే రాయి, గుంట తవ్వితే రాయి, ఇంటికి కప్పు రాయి, అన్నంలో కూడా రాయి. ఇక్కడికి రాళ్లు తెచ్చి అమ్మినోడు ఎవడో గానీ వాడి కాళ్లకు మొక్కాలి."

ఒంటికి బురద పట్టించి గుడ్డ చుట్టే గది దగ్గర, ఆ బురద కూడా ప్యాకెట్లో వచ్చిందని తెలిసి నుదురు కొట్టుకుని ముందుకు నడిచింది. ఆవిరిగదిలోకి మాత్రం తల పెట్టి చూసి, మే నెలలో మాచర్ల బస్సెక్కితే ఇదే సుఖం టిక్కెట్టు ధరకే వస్తుందని చెప్పింది. కాఫీపొడితో ఒళ్లు రుద్దుతున్న పిల్లను చూసి, "తాగేదాన్ని ఒంటికి రుద్దుతారంటమ్మా, కళ్లు నెత్తికెక్కి!" అనగానే మిస్బా వెనక్కి తిరిగింది.

"మీరు రుద్దే శెనగపిండి తినేది కాదామ్మా?"

రమణమ్మ మాటకు ఎదురుమాట తగిలింది. అలాంటి సంఘటన ఆమె జీవితంలో అరుదు. మెట్లెక్కాక మొదటిసారి ఆ పిల్లను సరిగ్గా చూసింది.

అన్నీ చూశాక మిస్బా ఒక కాగితం తెచ్చింది. వచ్చినవాళ్లు ఒళ్లు పట్టించుకునే ముందు నింపాల్సింది. బీపీ ఉందా, షుగరు ఉందా, గుండెజబ్బు ఉందా, కడుపుతో ఉన్నారా, కాన్పయి ఎన్నాళ్లయింది, ఆపరేషను జరిగిందా, కాళ్లలో వాపుందా అని ఇరవై ప్రశ్నలు. నింపిన కాగితాల కట్ట పక్కనే ఉంది. తిరగేస్తే ప్రతి కాగితంలోనూ అన్నిటికీ లేదు, లేదు, లేదు.

"వీళ్లందరూ ఇనపగుండ్లా?" అంది రమణమ్మ.

"ఏం చెయ్యనమ్మా? పొద్దున్నే బీపీ బిళ్ల వేసుకుని వచ్చి కూడా లేదనే రాస్తారు. రోగముందని తెలిస్తే ఇంట్లో పిల్లకు సంబంధాలు రావంట."

"మరి? ఒంట్లో ఉన్నది ఊరికి చెప్పుకుంటారా ఎవరన్నా? కాయితాలు నేనడగను. చెయ్యి వేస్తే ఒళ్లే చెప్పుద్ది నాకు."

"అయితే చూపించండి," అంటూ మిస్బా బల్లమీద పడుకుంది. "నేను బాలింతననుకోండి."

రమణమ్మ కొంగు బిగించింది. గిన్నెలోని నూనె వాసన చూసి ముఖం చిట్లించి, అరచేతుల్లో పోసుకుని, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ ఎడమ పిక్కను బొటనవేళ్లతో గట్టిగా పట్టి మోకాలి వైపు లాగింది. మిస్బా చటుక్కున లేచి కూర్చుంది.

"ఆగండమ్మా. బాలింత అన్నా గదా. చూడకుండానే కాలు పట్టేశారే?"

"చూసేదేంది? కాలు కాలే గదా."

"రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటే వాచిందా, ముట్టుకుంటే రెండోదానికన్నా వేడిగా ఉందా, పిక్క పట్టుకుంటే ఓర్చుకోలేకపోతోందా. అట్టా ఉంటే వేలు కూడా వెయ్యకూడదు. కాయితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే."

"వాచిన కాలే కదమ్మా గట్టిగా పట్టాల్సింది!" రమణమ్మ గొంతులో చులకన ఇంకా అలాగే ఉంది. "బాలింత కాళ్లు వాయవా?"

"రెండూ వాస్తే ఒక మాట. ఒక్కటే వాస్తే లోపల నరంలో నెత్తురు గడ్డకట్టి ఉండొచ్చు. కాన్పయిన ఆరువారాల దాకా ఆ భయం చానా ఎక్కువ. పిసికామనుకోండి, ఆ గడ్డ ఊడి నెత్తుర్లో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డంపడుద్ది. మనిషి ఊపిరాడక పడిపోద్ది. ఒక్కోసారి పావుగంట కూడా పట్టదు."

రమణమ్మ చేతుల్లోంచి నూనె బల్లమీదికి కారుతోంది. ఆమె చూసుకోలేదు.

"ఏ కాలు?" అంది.

"ఏదైనా రావచ్చు. కాన్పుల్లో ఎక్కువగా ఎడమది."

రమణమ్మ మళ్లీ అడిగింది. "పెరుగన్నం తింటే వస్తదా అది?"

"పెరుగేందమ్మా?" మిస్బా నవ్వేసింది. "పెరుగుకీ దానికీ ఏం సంబంధం?"

ఆమె నవ్వు పూర్తయ్యేసరికి రమణమ్మ మెట్ల దగ్గర ఉంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి కిందికి దిగింది.

పద్దెనిమిదేళ్లుగా చెప్పిన కథలో ఆమె ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. చెప్పదగినది కాదని వదిలేసి, వదిలేసి, చివరికి తనే మరిచిపోయిన ముక్క. ఆ పొద్దున ప్రసన్న ఎడమకాలు వాచి ఉంది. కాలు చేతికి వేడిగా తగిలింది. పిక్క గట్టిగా, బిగుసుకుని ఉంది. పట్టుకోగానే పిల్ల కెవ్వున అరిచింది. గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడిన నాగరత్నమ్మ, "ఆ కాలు వదిలెయ్యవే రమణా, పిల్ల తట్టుకోలేకపోతోంది. డాక్టరుకు చూపిద్దాం," అంది. రమణమ్మ తల తిప్పకుండానే, "నీకేం తెలుసు అత్తా? వాతం కాలు, లాగితేనే దిగుద్ది. పోయి నీళ్లు చూడు," అని కసిరి, బలమంతా పెట్టి లాగింది. తర్వాత చేతులు కడుక్కుంది. తర్వాతది అందరికీ తెలిసిన కథే.

అది నెత్తురు గడ్డే అని చెప్పడానికి ఇప్పుడు ఏ డాక్టరూ లేడు. కానీ రమణమ్మ చేతులకు ఆ పిక్క గుర్తుంది. చెయ్యి వేస్తే ఒళ్లే చెబుతుందని గొప్పలు పోయింది తనే. ఆ రోజు ఒళ్లు చెప్పింది. పిల్ల చెప్పింది. అత్త చెప్పింది. వినని చెవి ఒక్కటే ఉంది ఆ గదిలో.

రెండురోజులు ఆమె నోరు విప్పలేదు. సందంతా వింతగా చూసింది, జ్వరమేమోనని ఎవరో కషాయం కూడా తెచ్చిచ్చారు. మూడోరోజు పూర్ణిమ అనే బాలింతకు నీళ్లు పొయ్యాల్సి ఉంటే, మాట ఇచ్చాను కదా అని వెళ్లింది. పీట మీద కూర్చోబెట్టి, పూర్ణిమ రెండు కాళ్లూ పక్కపక్కన చాపించి, వంగి, పిక్కలు రెండింటినీ అరచేతి వెనకభాగంతో తాకి చూసింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అప్పుడు గానీ నూనెగిన్నె ముట్టుకోలేదు.

పూర్ణిమ తల్లి తలుపు దగ్గర కూర్చుని ఉంది. "రమణమ్మా, ఆ కారంపూడి కథ చెప్పవే ఒకసారి. ఇది పెరుగు పెరుగని చంపుతోంది," అంది.

రమణమ్మ నోరు తెరిచింది. కారంపూడిలో ప్రసన్న అని, అన్నంతవరకు వచ్చింది. వంచిన తల ఎత్తకుండా నీళ్లు పోసి, గుడ్డ కట్టి, పొగ వేసి, వాళ్లిచ్చిన కాఫీ తాగకుండా నేరుగా బస్టాండుకు నడిచింది. కారంపూడి బస్సెక్కి, దారంతా తన చేతుల్ని కొంగు కింద దాచుకుని కూర్చుంది. వాటిని చూస్తే ఆమెకు అసహ్యం వేసింది. డాక్టరమ్మలను, కంపెనీలను, అనిల్ కుమార్ రాళ్లను, అందరినీ చీదరించుకున్న మనిషికి ఇన్నేళ్లకు చీదరించుకోదగినది సరిగ్గా దొరికింది.

కారంపూడిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. నాగరత్నమ్మ ఇంటిముందు రెండు బర్రెలు కట్టేసి ఉన్నాయి. డెబ్బై దాటినా నిటారుగా ఉంది మనిషి. వాకిట్లో నిలబడినదెవరో గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"నువ్వా," అంది. "కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతా."

"అన్నానికి రాలేదత్తా. ఒక మాట..."

"తిని మాట్లాడు. తినకుండా పంపిందని రేపు ఇంకో కథ చెబుతావు."

రమణమ్మ తలవంచుకుని కూర్చుంది. పప్పు, గోంగూర పచ్చడి, చారు. చివర కొంచెం అన్నం మిగుల్చుకుని, అలవాటు కొద్దీ మజ్జిగ కోసం చెయ్యి ఆపింది. నాగరత్నమ్మ కదలలేదు.

"మజ్జిగ లేదు. ఈ ఇంట్లో పాలు తోడుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. రెండు బర్రెల పాలూ చుక్క ఉంచకుండా కేంద్రానికి పోస్తన్నా."

రమణమ్మ కంచంలోనే చెయ్యి కడుక్కుంది. కడిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చెప్పింది. మిస్బా చెప్పింది చెప్పినట్టు, కాలు, వేడి, గడ్డ, పావుగంట, పెరుగుకు ఏ సంబంధమూ లేకపోవడం. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. చెబుతున్నంతసేపూ నాగరత్నమ్మ బర్రెల వైపే చూస్తూ ఉంది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఆ రోజు ఆ కాలు వదిలెయ్యమన్నానా లేదా నేను?"

"అన్నావత్తా. డాక్టరుకు చూపిద్దామని కూడా అన్నావు."

"అన్నాననే అనుకుంటన్నా." ముసలామె బర్రెల మీంచి చూపు తిప్పి రమణమ్మను చూసింది. "నువ్వు చెప్పీ చెప్పీ, ఊరంతా చెప్పీ చెప్పీ, అన్లేదేమోనని నాకే అనుమానం వచ్చింది. నేనే చంపుకున్నా అనుకున్నా నా కోడల్ని. నువ్వన్నావు గదా. నీ హస్తవాసి గొప్పది గదా."

రమణమ్మకు దుఃఖం ఆగలేదు. ముందుకు వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. నాగరత్నమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోబాకు. నీకు కాళ్లు పట్టడం రాదు."

అంతకుమించి తిట్టలేదు. తిట్టినా ఆ మాటకన్నా పెద్ద తిట్టు ఆమె దగ్గర లేదు. కాసేపటికి లేచి, పాలచెంబు తీసుకుని బర్రె దగ్గర కూర్చుంది. కూర్చుని, వెనక్కి చూడకుండానే అంది.

"నాకొక్కదానికే చెప్పి ఇంటికిపోయి పడుకుందామనుకున్నావేమో. ఎక్కడెక్కడ చెప్పావో అక్కడ చెప్పు. ఇయ్యాల పాలకేంద్రం. రేపు మాచవరం. నా మనవరాలికి పద్దెనిమిదేళ్లు. ఎప్పుడన్నా బజార్లో కనపడితే నా ముఖం చూడకుండా పక్కకు తిరిగి పోద్ది."

"పోతానత్తా," అంది రమణమ్మ.

సాయంత్రం పాలకేంద్రం దగ్గర వరసలో పాతికమంది ఆడవాళ్లు ఉన్నారు. సగం మంది అప్పటివాళ్లే, జుట్టు నెరిసింది అంతే. రమణమ్మను చూసి, పేటనుంచి ఎప్పుడొచ్చావే అంటూ చుట్టూ చేరారు. ఆమె అందరికీ వినపడేట్టు, తనకు బాగా తెలిసిన ఆ పెద్ద గొంతుతోనే మొదలుపెట్టింది.

"కారంపూడిలో ప్రసన్న అని ఒక పిల్ల ఉండేదమ్మా. ఆ పిల్లను చంపింది పెరుగు కాదు. ఈ చేతులు. వాళ్ల అత్త వద్దంటానే ఉంది, నేను వినలా. చేసింది నేను, నింద ఆమెకు వేసింది నేను. ఇన్నాళ్లూ పెరుగు పెరుగని మొత్తుకుంది ఈ పాపిష్టి నోరే."

పాలడబ్బాల చప్పుడు ఆగిపోయింది. ఒకామె, పోయినదాన్ని ఇప్పుడు తవ్వడమెందుకని గొణిగింది. ఇంకొకామె, నేను అప్పుడే అనుకున్నాననేసింది. ఆమె ఏమీ అనుకోలేదు. ఇరవయ్యొకటోరోజున బిడ్డ బట్టలు మూటకట్టి ఇచ్చిన చేతుల్లో ఆమెవీ ఉన్నాయి. మిగతావాళ్లు తమ తమ డబ్బాల మూతల్ని పరీక్షగా చూసుకున్నారు. నాగరత్నమ్మ ఎవరినీ పట్టించుకోకుండా ముందుకు నడిచి తన పాలు పోసింది.

కేంద్రంలో పాలు కొలిచే అంకారావు తల గోక్కున్నాడు. "ఏంది అత్తా, ఇయ్యాల అరలీటరు తగ్గింది? బర్రె తన్నిందా?"

"లేదు. ఇంట్లోకి ఉంచుకున్నా."

ఆమె ఖాళీ డబ్బా మూత మూసి, వెనక్కి తిరిగి, ఆ వరసనంతా ఒక చివరనుంచి ఇంకో చివరదాకా చూసింది.

"నా ఇంట్లో తోడు లేదు," అంది. "చెంచాడు పెరుగు ఎవరింట్లో ఉందే?"

ఆ వరసలో పెరుగు లేని ఇల్లు ఒక్కటి కూడా లేదు. అయినా చాలాసేపు ఎవరికీ నోరు పెగల్లేదు.